పీపీ అంటే పొద్దున్న పొద్దున్నే

ఆగస్టు 4, ఆదివారం

కాదత్తా, ఫోన్లకి గ్లాసులు అంటించడం కంప్యూటర్ పని కిందికి రాదు. నువ్వు అడగలేదులే, కానీ వీధంతా చెప్తున్నావంట కదా, మా మేనల్లుడు కంప్యూటర్ ఇంజనీరు అయ్యాడని. మావయ్య చెప్పాడు. నేను ఏడో క్లాసు తప్పినోణ్ణత్తా. ఈ ఊరొచ్చి ఫోన్ల షాపులో చేరి ఇంకా ఎన్నాళ్ళయిందని. పొద్దున షట్టర్ ఎత్తుతా, ఊడుస్తా, గ్లాసులు అంటిస్తా. గ్లాసు కింద బుడగ వస్తే ఓనర్ తిడతాడు. అంతే నా ఇంజనీరింగు.

ఇంకోటి. మీ వీధి క్లినిక్‌లో నర్సమ్మ నీ నంబరు అడిగితే నా నంబరు ఎందుకిచ్చావ్? నిన్నట్నుంచి నాకు ఆ క్లినిక్ కంప్యూటర్ మెసేజీలు. "నమస్కారం. మీకు షుగర్ ఉంది. భయపడకండి" అని వచ్చింది. భయపడకండి అనేసరికి భయమేసింది. నాకే షుగర్ అనుకుని రోజంతా చప్పటి టీ తాగా. సాయంత్రానికి కింద నీ పేరు కనపడింది.

నువ్వు వేలు గుచ్చుకుని మీటర్లో వచ్చిన అంకె నాకు పంపితే, నేను క్లినిక్ యాప్‌లో ఎక్కించాలంట. డాక్టరుగారి కంప్యూటర్లో కనిపిస్తదంట. యాప్ అంతా ఇంగ్లీషే. రెండు గళ్ళు ఉన్నాయి. కూడబలుక్కుని చదివా. ఒకటి ఫాస్టింగ్, ఇంకోటి పీపీ. అవేంటో నర్సమ్మని అడిగి చెప్పు. నేను అడగలేను. కొత్తోళ్ళతో ఫోన్లో నాకు గొంతు లేవదు, తెలుసుగా.

ఎవరో వచ్చారు. ఉంటా.
నీ మేనల్లుడు, ఇంజనీరు కాదు


ఆగస్టు 5, సోమవారం

ఒరేయ్ మౌనసామీ, చల్లగా ఉండు. నేనేం టైప్ కొట్టట్లేదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని మా వ్యాన్లో ఐదో క్లాసు బుడంకాయ నేర్పాడు. ఏవండీ స్టవ్ కట్టెయ్యండి పొంగుతోంది. నిన్ను ఇంజనీరంటే ఏం పోయిందిరా, నోరు నాది, ఖర్చు లేదు.

నర్సమ్మని అడిగే తీరిక ఉంటే నీకెందుకు చెప్తాను? ఆవిడ టేబుల్ ముందు జనం తిరణాల లాగా ఉంటారు. "అంతా యాప్‌లో ఉందమ్మా, జరుగు" అంది. జరిగా.

నువ్వు సరిగ్గా విను. నాకు షుగర్ ఉందని స్కూలు వాళ్ళకి తెలిసింది. ఈ నెలాఖరుకి డాక్టరు కంప్యూటర్ నుంచి కాయితం తేవాలి, ఈవిడ షుగర్ అదుపులో ఉంది, పిల్లల వ్యాన్ తోలొచ్చు అని. తేకపోతే తాళాలు మీసాలాయన చేతిలో పెడతారంట. ఎవరు? అదేరా, ఆ రెండో వ్యాన్ డ్రైవరు, రివర్సు కొట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి ఆయనకి. ఇన్నేళ్ళు ఒక్క గీత పడకుండా తోలిన బండి ఆయన చేతిలో పెట్టి నేను ఇంట్లో మీ మావయ్య మొహం చూస్తూ కూర్చోవాలా? మిమ్మల్ని కాదండీ, మాట వరసకి అన్నా.

ఫాస్టింగో పీస్టింగో, నువ్వే ఆలోచించు. పీపీ అంటే హారనేమో?

మీ అత్త. ఇది ఎలా ఆపాలి. ఇక్కడా. ఇదేనా


ఆగస్టు 6, మంగళవారం

అత్తా, రాత్రి పడుకుని ఆలోచించా. ఓనర్ని అడుగుదామని రెండు సార్లు దగ్గరికెళ్ళి, ఏంట్రా అంటే, ఏం లేదు సార్ అని వచ్చేశా.

ఫాస్ట్ అంటే స్పీడు. అది అందరికీ తెలిసిందే. అంటే ఫాస్టింగ్ అనేది నువ్వు స్పీడు మీద ఉన్నప్పుడు చూసుకునే షుగర్. నీకు స్పీడంటే వ్యాను. కాబట్టి పొద్దున ట్రిప్పు వేసి దిగంగానే, ఇంజను వేడి చల్లారకముందే గుచ్చుకో. అది ఫాస్టింగ్.

పీపీ హారన్ కాదత్తా. షుగర్‌కి హారన్‌తో ఏం పని? పొద్దున్న పొద్దున్నే అని రాయడానికి గడి చిన్నదై పీ పీ అని కుదించారు. నువ్వు లేవంగానే, టిఫిన్ తినకముందు చూసుకుంటే అది పీపీ.

ఇంత తేలిక. వీళ్ళు ఇంగ్లీషులో పెట్టి భయపెట్టారు గానీ.

రోజూ రెండూ పంపు. ఎక్కిస్తా.
మేనల్లుడు


ఆగస్టు 14, బుధవారం

ఒరేయ్ నీ బుర్రే బుర్ర! నిన్ను ఏడో క్లాసు తప్పించిన మాస్టారు ఇప్పుడు కనపడితే నాలుగు దులుపుదును. రోజూ నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. వేలు గుచ్చేది మీ మావయ్యే, కాకపోతే కళ్ళు మూసుకుని గుచ్చుతాడు. రెండుసార్లు బల్లకి గుచ్చాడు.

నిన్న కంప్యూటర్ రమ్మంటే క్లినిక్‌కి వెళ్ళా. డాక్టరుగారు నా మొహం చూళ్ళేదు, దాని మొహమే చూశాడు. చాలాసేపు చూసి "ఏమ్మా, మీకు ఫాస్టింగ్ రెండొందల పైన ఉంది, పీపీ ఏమో తొంభై. నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు" అన్నాడు. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. "ఫాస్టింగ్‌లో ఏమైనా తింటున్నారా?" అని అడిగాడు. "ఛ ఛ, స్టీరింగ్ పట్టుకున్నాక నోట్లో ఏదీ వెయ్యను సార్, పిల్లల బండి" అన్నా. ఆయనకి ఏం వినపడిందో, "గుడ్" అని మీటలు నొక్కాడు. కంప్యూటర్ కూడా సరే అందంట. రాత్రి మాత్ర ఒకటి ఉన్నది రెండు చేశాడు.

ఆ కాయితం సంగతి అడిగితే, ఫాస్టింగ్ తగ్గితే దానంతటదే వస్తుందమ్మా అన్నాడు. ఎర్ర రంగు ఉందంట నా పేరు మీద. పచ్చ రావాలంట. సిగ్నల్ లాగా.

జాగ్రత్తగా తిను. బుడంకాయ్, ఆ కిటికీ లోంచి తల లోపల పెట్టు! నీ తల కాదురా మౌనసామీ, వీడి తల.
అత్త


ఆగస్టు 21, బుధవారం

అత్తా, ఈ కంప్యూటర్ మా ఓనర్ లాగే ఉంది. ఒక నోటితో రెండు మాటలు. పొద్దున నీ పీపీ డెబ్భై ఒకటి ఎక్కించా. "పీపీ తక్కువ. కొంచెం ఎక్కువ తినండి" అంది. నువ్వు తిన్నావ్. ట్రిప్పు అయ్యాక ఫాస్టింగ్ రెండొందల ముప్ఫై ఎనిమిది ఎక్కించా. "ఫాస్టింగ్ ఎక్కువ. డాక్టర్‌ని కలవండి" అంది. కలిశావ్. మాత్ర పెరిగింది. తెల్లారి పీపీ ఇంకా తగ్గింది. మళ్ళీ తినమంది. ఇలా అయితే ఎన్నటికి పచ్చ రంగు?

నాకొకటి తోచింది. ఫాస్టింగ్ తగ్గాలంటే ఫాస్టు తగ్గించాలి. నువ్వు వ్యాన్ స్పీడుగా తోలతావ్, అందరికీ తెలుసు. ఆ మూల మలుపులో నేను చిన్నప్పుడు సీటు మీంచి ఎగిరి కింద పడ్డా, గుర్తుందా? రక్తం అంతా పరుగెత్తి షుగర్ పైకి పోతుందేమో. నిదానంగా తోలు. పది రోజులు చూద్దాం.

పీపీ సంగతి నాకూ అర్థం కావట్లేదు. బాగా నిద్రపో.

ఇక్కడ నా దగ్గరకి వచ్చినోళ్ళు ఫోన్ ఇచ్చి పేరు అడుగుతున్నారు. నేను నవ్వి ఊరుకుంటున్నా. ఓనర్ "వీడికి మాటలు రావు" అని చెప్పేశాడు. అదే హాయిగా ఉంది.
మేనల్లుడు


ఆగస్టు 27, మంగళవారం

ఒరేయ్, చెప్పేది చాలా ఉంది, మధ్యలో ఫోను ఆగిపోతే తర్వాత చెప్తా.

నువ్వు చెప్పినట్టే స్పీడు తగ్గించా. సైకిళ్ళు దాటిపోతున్నాయి. ఒక ముసలాయన నడుచుకుంటూ దాటి, వెనక్కి తిరిగి "పెట్రోలు అయిపోయిందా అమ్మా" అని అడిగాడు. ఫాస్టింగ్ కొంచెం తగ్గిన మాట నిజం. కానీ పిల్లలు వరసగా లేటు. స్కూల్లో పెద్ద మేడం గేటు దగ్గరే నిలబడి, "ఏంటమ్మా, షుగర్ వల్ల చేతకావట్లేదా?" అంది. ఒళ్ళు మండింది. ఏం చెప్తాను, షుగర్ తగ్గడానికే మేడం అని చెప్పనా?

అది అలా ఉంచు. నిన్న పొద్దున లేవంగానే ఒళ్ళంతా చెమటలు. చేతులు గడగడా వణుకు. సరే నీరసమేమో అని వ్యాన్ ఎక్కి కూర్చున్నా. తాళం కన్నంలో పెడదామంటే కన్నం దొరకదు. నాకు, ఆ తాళం కన్నం దొరకదు! ఇంకా నయం, పిల్లలెవరూ ఎక్కలేదు. మీ మావయ్య చూసి పరిగెత్తుకొచ్చి పంచదార నీళ్ళు నోట్లో పోశాడు. కళ్ళు తెరిచే పోశాడు పాపం. తర్వాత మీటరు చూస్తే యాభై ఎనిమిది. అదే నీకు పంపా. నువ్వు పీపీలో ఎక్కించావ్.

క్లినిక్ వాళ్ళు ఇవాళ పిలిచారు. డాక్టరుగారు తల పట్టుకున్నాడు. మాత్రలతో ఇక లాభం లేదు, శుక్రవారం నుంచి రాత్రిపూట ఇంజెక్షన్ మొదలెడదాం అన్నాడు. ఇంజెక్షన్ మీద ఉన్న మనిషి మూడు నెలలు స్కూల్ బండి ముట్టుకోకూడదని స్కూలు రూలు. మూడు నెలల తర్వాత బండి ఎవరిదవుతుందో నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ మీసాలకి తెలుసు. నిన్ననే వచ్చి నా వ్యాన్ అద్దం తుడుస్తున్నాడు. "ఊరికే అక్కా, దుమ్ము పట్టింది" అన్నాడు. వాడి మీసానికి పట్టింది దుమ్ము.

నాకు భయంగా ఉందిరా. బండి పోతుందని కాదు. అదీ ఉందిలే. ఆ వణుకు పిల్లలు ఎక్కాక వచ్చుంటే? ఏం లేదండీ, కళ్ళల్లో ఏదో పడింది. మీ పని మీరు చూసుకోండి.
అత్త


ఆగస్టు 28, బుధవారం, మధ్యాహ్నం

అత్తా ఎత్తు. అత్తా ఫోన్ ఎత్తు. నేనే, నా అంతట నేనే ఫోన్ చేస్తున్నా చూడు, ఎంత అవసరమైతే చేస్తానో.

సరే నువ్వు బండి తోలేటప్పుడు ఎత్తవు కదా. రాస్తున్నా. ముందు ఇది విను, ఈ రాత్రి ఆ మాత్రలు వేసుకోకు. డాక్టర్ని కలిసేదాకా వేసుకోకు. ఇంజెక్షన్ వద్దు. తప్పంతా నాది.

పొద్దున ఒక లావాటాయన గ్లాసు మార్పించడానికొచ్చాడు. తొందర తొందర అని ప్రాణం తీశాడు. "త్వరగా కానీవయ్యా, ఫాస్టింగ్ షుగర్ టెస్టుంది, కడుపు మాడిపోతోంది" అన్నాడు. నాకు నోరు ఎలా లేచిందో తెలీదు. "మరి ఏమైనా తినొచ్చు కదా సార్, స్పీడుగా" అన్నా. ఆయన నన్ను ఎగాదిగా చూసి "తినకుండా ఉంటేనే ఫాస్టింగ్ రా బాబూ. పరగడుపు!" అన్నాడు. మరి పీపీ ఏంటి సార్ అన్నా. తిన్న రెండు గంటలకి చూసేది అన్నాడు.

అత్తా, పరగడుపంట. ఆ మాట మనింట్లో ఎన్ని వేల సార్లు అన్నావ్ నువ్వు. అదే మాట గడి మీద రాసుంటే నాకు ఇంజనీరు పని పడేదా? నేను తిరగేసి ఎక్కించా. పొద్దున్నే ఖాళీ కడుపుది తిన్నాకని, టిఫిన్ తిని ట్రిప్పు వేసొచ్చాకది పరగడుపని. కంప్యూటర్ అదే నమ్మింది. డాక్టరు కంప్యూటర్ని నమ్మాడు. లేని జబ్బుకి నీ మాత్రలు పెరిగాయ్.

ఆయన గ్లాసు వంకరగా అంటించేశా. ఓనర్ కేక వేశాడు. ఓనర్‌కి కూడా తెలిసింది నాకు మాటలొస్తాయని.

క్లినిక్‌కి ఫోన్ చేశా. ఎత్తి హలో అన్నారు. పెట్టేశా. మళ్ళీ చేశా, మళ్ళీ పెట్టేశా. ఇక లాభం లేదని ఆ కంప్యూటర్ మెసేజీలు వచ్చే నంబరుకే రాశా, "సార్ నేను మేనల్లుడిని, నా వయసు 16, తప్పు నాది" అని. వెంటనే జవాబొచ్చింది. "ధన్యవాదాలు. మీ షుగర్ 16 నమోదైంది." కాదు సార్, 16 నా వయసు అని రాశా. "ధన్యవాదాలు. రెండోసారీ 16 నమోదైంది. కదలకుండా పడుకోండి. సహాయం వస్తోంది" అంది.

ఎవరికి వస్తోందత్తా సహాయం? ఎక్కడికి? ఫోన్ ఎత్తు.


ఆగస్టు 28, బుధవారం, సాయంత్రం

ఎవరికా? నాకేరా వెధవా, నాకు!

సాయంత్రం ట్రిప్పుకి ఖాళీ వ్యాన్ తీసుకుని స్కూలుకి పోతున్నా. వెనకాల కుయ్యో మొర్రో మని అంబులెన్సు. పాపం ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని పక్కకి తీసి దారిచ్చా. అదీ పక్కకి తీసింది. ఏంటో అనుకుని కదిలా. అదీ కదిలింది. మళ్ళీ పక్కకి తీశా, మళ్ళీ ఆగింది. దారిస్తే పోదు, పోతే వదలదు! భయమేసి కొంచెం తొక్కా. ఎక్కువేం కాదు. సరే, తొక్కా. స్కూల్ గేటు దగ్గర ఆపేసరికి మా ఇద్దరి ఇంజన్లూ పొగలే. ఇంటికెళ్తే పేషెంటు ఈ వ్యాన్లోనే ఉందన్నారమ్మా అంటూ ఇద్దరు కుర్రాళ్ళు మంచం లాంటిది పట్టుకుని దూకారు.

"పేషెంట్ ఎక్కడ?" అన్నారు.
"ఏ పేషెంటు?" అన్నా.
"షుగర్ పదహారు" అన్నారు.
"అయ్యో రామా, పదహారే! ఇంకెక్కడి పేషెంటు నాయనా, పోయుంటుంది" అన్నా.
కాయితం చూసి నా ఇంటి నంబరు చదివారు.

పిల్లలంతా గేటుకి వేలాడి చప్పట్లు. బుడంకాయైతే "వ్యానాంటీ గెలిచింది" అని అరిచాడు. పెద్ద మేడం మాత్రం అరవలేదు. అలా చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. పిల్లల్ని దింపే పని ఇవాళ్టికి మీసాలాయనకి చెప్పింది.

మంచం మీద పడుకోమంటే నేను పడుకోలేదు. ముందు సీట్లో కూర్చున్నా. ఆ కుర్రాడు సెకండ్ గేర్లో బండిని ఏడిపిస్తుంటే ఎవరైనా ఊరుకుంటారా, చెప్పా. క్లినిక్‌లో నర్సమ్మ గుచ్చితే నూట ముప్ఫై ఒకటి. ఈలోగా ఫోన్ తీస్తే నీ రామాయణం కనపడింది. నర్సమ్మ చేతే పైకి చదివించా. పీపీ అంటే పొద్దున్న పొద్దున్నే అన్న సంగతి కూడా నేనే చెప్పా. నర్సమ్మ కుర్చీలోంచి జారిపోయింది నవ్వలేక. జనమంతా నవ్వారు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. మొదటిసారి కంప్యూటర్ వదిలేసి నా మొహం చూశాడు. "అమ్మా, ఆ ఇంజెక్షన్ ఇచ్చుంటే మీరు పొద్దున లేచేవారు కాదేమో" అన్నాడు మెల్లిగా. తర్వాత మంచినీళ్ళు తాగాడు. మాత్ర పాతదే ఒకటి చాలన్నాడు.

నిన్ను తిట్టాలని మైకు నొక్కా. తిట్లు రావట్లేదు. రేపు తిడతా.
అత్త


ఆగస్టు 29, గురువారం

అత్తా, తిట్టు. నేను రెడీగా ఉన్నా.

డాక్టరుగారు నాకు ఫోన్ చేశారు. ఎత్తా. ఆయనే హలో హలో అని, "నువ్వేనా ఆ ఇంజనీరువి" అన్నారు. అక్కడ కూడా చెప్పావా అత్తా! నేను ఊపిరి మాత్రం తీశా. ఆయనే మొత్తం మాట్లాడారు. భయపడొద్దన్నారు, నువ్వు ఆ మాట చెప్పకపోతే నాకు తెలిసేది కాదన్నారు, అడగకపోవడం నా తప్పు కూడా అన్నారు. చివర్లో "మంచి కుర్రాడివి, ఎదురు మాట్లాడవు" అని పెట్టేశారు.

ఇప్పుడు కాయితం ఇచ్చేస్తారా? నెలాఖరు ఎల్లుండే కదా. నాకు తిండి పోవట్లేదు. పరగడుపుతో ఉన్నా.
మేనల్లుడు


ఆగస్టు 30, శుక్రవారం

ముందు తిను. తిన్నావా? ఇప్పుడు చదువు.

కాయితం కోసం వెళ్తే ఇంకో తంటా. డాక్టరుగారు నీ అంకెలు చెరుపుదామంటే కంప్యూటర్ ఒప్పుకోదంట. ఒకసారి రాసింది రాసిందే. అటూ ఇటూ మారుద్దామంటే ఆ పదహారు ఒకటి కూర్చుంది కదా, అది ఉన్నంతకాలం నా పేరు ఎర్రగానే ఉంటుందంట. మూడు నెలల రక్తం లెక్క చెప్పే టెస్టొకటి ఉందిగా, అది చేశారు. నా రక్తం శుభ్రంగా ఉంది, చాలామంది కంటే నయం అన్నాడు ఆయనే. కళ్ళెదురుగా మనిషి బాగుంది, కంప్యూటర్లో చావుబతుకుల్లో ఉంది. కాయితం ఇచ్చేది కంప్యూటరు.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే నర్సమ్మే అంది, "కొత్త మనిషిగా రాసేద్దాం సార్" అని. అదే పేరు, అదే ఇల్లు, నంబరు మాత్రం మీ మావయ్యది. ఈసారి మీ మావయ్య ఫోన్లో గళ్ళ మీద నర్సమ్మ తన చేత్తో చీటీలు అతికించింది, పరగడుపు, తిన్నాక అని. రక్తం టెస్టు ఎక్కించారు. పచ్చ వెలిగింది! కాయితం బయటికొచ్చింది. వేడి వేడిగా పట్టుకెళ్ళి పెద్ద మేడం టేబుల్ మీద పెట్టా. రెండుసార్లు చదివి, "అంబులెన్సు ఇంకోసారి మా గేటు ముందుకొస్తే మాత్రం తాళాలు ఇచ్చేయాలి" అంది. ఎందుకొస్తుంది మేడం అన్నా.

మీసాలాయన అద్దం తుడిచిన గుడ్డ నా సీటు మీద వదిలేశాడు. దాంతో టైర్లు తుడిచా.

ఇవాళ మూల మలుపులో కొంచెం తొక్కా. హాయిగా ఉంది.
అత్త


సెప్టెంబరు 4, బుధవారం

అత్తా, కాయితం వచ్చిందని రెండు పూటలా తిన్నా. కానీ నీకు ఒకటి చెప్పలేదు, సంతోషంలో ఉన్నావని.

నువ్వు కొత్త మనిషివి అయ్యావ్ బాగానే ఉంది. పాత నువ్వు ఇంకా నా ఫోన్లోనే ఉన్నావ్. ఆ నంబరు నాదే కదా. ఎవరూ తీసెయ్యలేదు. ఆదివారం మెసేజ్ వచ్చింది, "మీ రీడింగ్ అందలేదు. ఎలా ఉన్నారు?" అని. నేను జవాబివ్వలేదు. సోమవారం "మీ గురించి ఆలోచిస్తున్నాం" అంది. మా ఓనర్ కూడా నా గురించి ఇంత ఆలోచించడు. నిన్న "మందులు మానేశారా? మేము కోప్పడము" అంది. చదివి నాకే ఏదోలా అయింది.

తీసెయ్యాలంటే యాప్‌లో రెండే మీటలు. ఒకటి ఊరు మారారు. అది నొక్కితే, కొత్త ఊరి క్లినిక్‌కి ఇంజెక్షన్లు పంపిస్తాం, ఏ ఊరో చెప్పండి అంటోంది. రెండోది మరణించారు. దాని మీద వేలు పెట్టి తీసేశా. మళ్ళీ పెట్టి తీసేశా. ఆవిడ కూడా నువ్వే కదత్తా. నా తప్పు అంకెలన్నీ మోసింది ఆవిడే. చంపబుద్ధి కాలేదు.

నర్సమ్మకి ఫోన్ చేశా. ఈసారి పెట్టెయ్యలేదు. "నేను మేనల్లుడిని" అని నోటితో చెప్పా, నిజంగా. ఆవిడ సెలవులో ఉందంట. ఎత్తింది ఎవరో కొత్తాయన. "అంతా యాప్‌లో ఉంది బాబూ" అన్నాడు.

ఇందాక ఇంకో మెసేజ్ వచ్చింది. సాయంత్రం స్కూల్ వదిలే వేళకల్లా అంకె రాకపోతే సహాయం పంపిస్తుందంట. క్రితంసారి గేటు దగ్గర దొరికావని అది రాసుకున్నట్టుంది, ఈసారి ఇంటికి కాదు, నేరుగా అక్కడికే అంట. అంకె పంపితే ఆగుతుంది. నేను రాసిన అంకె ఇక ఎవరూ చెరపలేరు. తక్కువ రాస్తే పరిగెత్తుకొస్తుంది, ఎక్కువ రాస్తే డాక్టర్ దగ్గరికి రమ్మంటుంది, బాగుందని రాస్తే రేపు మళ్ళీ అడుగుతుంది, ఎల్లుండి మళ్ళీ అడుగుతుంది, నేను ముసలాణ్ణయ్యేదాకా అడుగుతుంది.

వ్యాన్ ఎక్కేలోపు ఒక్క మాట చెప్పు అత్తా. ఆవిడకి ఇవాళ షుగర్ ఎంత రాయమంటావ్?